ఇల్కల్ చీరలో సరోజినీదేవి

సరోజినీదేవికి ఉండింది ఒక్కటే ఫొటో, పెళ్ళినాటిది. అందులో ఆమె కంటే మొగుడి మీసమే ఎక్కువ కనబడేది. కాలవ కింద వరి వేద్దామని కోస్తా వదిలి బళ్ళారి జిల్లా హచ్చొళ్ళి వచ్చిన ఏడాదే, గుడిసె కారి అదీ పాడైపోయింది. ఈ నేల మీద తానున్నట్టు ఒక్క బొమ్మా లేదు. అందుకే, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఆడవాళ్ళ ఫొటోలతో బళ్ళారిలో ప్రదర్శన పెడతానని అక్కడి కౌల్ బజారులో ఫొటోలు తీసే అనుష కబురు చేయగానే, ఇక్కడి ఆడవాళ్ళు కట్టే ఇల్కల్ చీర కట్టి జొన్నరొట్టె తట్టడానికి కూర్చుంది.

పక్కన సిద్దక్క గోంగూర నూరుతోంది. ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ ఊరికే కోడలైన మనిషి. సరోజినీదేవి కోస్తా నుంచి తెచ్చి పెట్టిన మంగళగిరి చీర కట్టింది.

అనుష వచ్చింది. చీరలు చూసింది, పచ్చడి చూసింది, నేరుగా సిద్దక్క ముందు కూర్చుంది. చూడటమే పనిగా ఉన్నవాళ్ళు చూసేది అంతే.

"రండమ్మా, ఎండన పడొచ్చారు. మజ్జిగ పుచ్చుకోండి," అంది సిద్దక్క.

ఆ తెలుగు సరోజినీదేవిదే. కొత్తలో నేర్పింది. కూలీలతో మాట్లాడి మాట్లాడి తన నోట పోయింది, సిద్దక్క నోట నిలిచింది.

కెమెరా టకటకలాడింది. సిద్దక్క సముద్రం గుర్తొచ్చినదానిలా నిట్టూర్చింది కూడా. ఆమె తుంగభద్ర దాటి ఎరగదు.

ఇటు పెనం మీద రొట్టె మాడింది.

"ఏం పాపా, కోస్తా నుంచి వచ్చిండేది నేను. ఆ యమ్మ ఈడనే పుట్టిండేది," అంది సరోజినీదేవి.

సిద్దక్క పగలబడి నవ్వింది. "ఉండక్కా, ఒక్క పూట మీ ఊరిదాన్నయ్యాను!"

అనుష ముఖం చిన్నబోయింది. "తప్పయిందమ్మా. అట్లయితే ఆ చీర మీరు కట్టుకోండి. చూసేటోళ్ళకి తెలియాల గదా."

సరోజినీదేవి చేతులు ఆగాయి. కట్టుకుంటే ఫొటో ఉంటుంది. కాదంటే, ఈ పిల్ల వెళ్ళిపోతే, మళ్ళీ ఎవరొస్తారు?

"నా చీర ఇదే," అంది. "పెండ్లిండ్లకు ఇదే కడతాండా. ఈడ ఎట్లుండానో అట్ల తీస్తే తియ్యి. లేకుంటే రొట్టె తిని పో."

అనుష కెమెరాతో పొయ్యి ఇవతలికి, ఆమె ముందుకు జరిగింది.

సరోజినీదేవి కొత్త ముద్ద తీసుకుంది. రొట్టె అరచేతి కింద గుండ్రంగా సాగింది. కెమెరా పలికింది.

"నా మోచెయ్యన్నా పడిందా?" అంది సిద్దక్క.

"పడిందమ్మా."

"ఫొటోలోంచి కోసెయ్యొద్దు పాపా," అంది సరోజినీదేవి, రొట్టె పెనం మీద వేస్తూ. "మళ్ళ నాకు గోంగూర పెట్టదు."