లోపలివైపు కొక్కేలు

దర్జీ భార్యను చంపింది జ్వరం కాదు, పొగడ్తలు.

అతనికి అంటుజ్వరం వచ్చినప్పుడు గడప తొక్కినవాళ్లు లేరు. కన్నతల్లి వీధిలోనే నిలబడి, మా కోడలు బంగారం, మొగుణ్ణి వదిలి కదలదు అంది. అక్క ఆ మాట ఊరంతా చాటింది. అంత పేరు పడ్డాక ఆమె ఏ మొహం పెట్టుకుని కదులుతుంది? అతను లేచి కూర్చున్నాడు, ఆమె మంచం ఎక్కింది. మళ్లీ దిగలేదు. తల్లి పోయింది గానీ, అక్క ఇంకా పొగుడుతూనే ఉంది.

ఈ ఏడు అతని కూతురికి నాటకంలో రాణి వేషం వచ్చింది. పాత గ్రీకు కథ. రాజుకు కాలం మూడుతుంది. బదులు ఇంకెవరైనా వస్తే వదిలేస్తానంటుంది మృత్యువు. ముసలి తల్లిదండ్రులు మావల్ల కాదంటారు. పెళ్లాం వెళ్తుంది. ఆఖర్న ఒక వస్తాదు మృత్యువుతో కుస్తీ పట్టి ఆమెను వెనక్కి తెస్తాడు, మొహాన ముసుగుతో. రాజు ముసుగు లాగుతాడు. రాణి పెదవి విప్పదు. తెర పడుతుంది.

నాటకాల మాస్టారు కొట్టుకొచ్చి, వేలితో లాగితే జారిపోయేలా ముసుగు కుట్టమన్నాడు. ఆ మౌనంలోనే అందమంతా ఉందన్నాడు. అందం సంగతి తనకు తెలియదనీ, కొలత చెప్పమనీ అన్నాడు దర్జీ.

మాస్టారు వెళ్లాక కూతురు మిషను పక్కన కూలబడింది. "చచ్చి తిరిగొచ్చినదానికి ఒక్క మాటైనా ఉండదా నాన్నా? అందరూ తనవైపే చూస్తుంటే వెళ్లనని ఎలా అంటుంది? అది ఇష్టపడి వెళ్లడమా?"

మాస్టారుతోనూ ఇదే అందట. నోరెత్తితే వేషం ఇంకొకరికి పోతుందన్నాడట.

దర్జీ ముసుగుకు గడ్డం కింద, లోపలివైపు కొక్కేలు కుట్టి ఆమె ఒళ్లో పడేశాడు. "నీ చేతికి తప్ప ఊడదు."

ఆట రోజు రాజు ముసుగు లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. వెనక బెంచీల్లోంచి ఎవరో, కాలు తన్నిపెట్టి లాగు రాజా అన్నారు. హాలంతా నవ్వు. అప్పుడు రాణి తానే చెయ్యి లోపలికి పోనిచ్చి కొక్కేలు విప్పుకుంది. తెర దించాల్సినవాడు తాడు పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆమె రాజు మొహంలోకి, ఆపైన అత్తమామల మొహాల్లోకి చూసింది.

"పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ ఎవరూ అనలేదు."

నవ్వు ఆగిపోయింది. కాసేపటికి చప్పట్లు మొదలై ఎంతకీ ఆగలేదు. మాస్టారు ధుమధుమలాడుతూనే వచ్చి, పొరుగూరి ఆటలో ఆ మాట ఇంకాస్త గట్టిగా అనమన్నాడు.

బయట మెట్ల దగ్గర అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ఈసారి మరదలిని పొగడలేదు. "ఆ రోజు నేను రావాల్సిందిరా" అంది.

కూతురు అత్త పక్కనే నిలబడి తండ్రిని చూసింది. అతను చెయ్యి విడిపించుకున్నాడు.

"పిల్ల పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. మీ ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టు. ఆ సంగతి మాత్రం నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."