తాతను తెచ్చిన రాయి

మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ల అమ్మవారి గుడికి ప్రెసిడెంటు సుందర్ రాజు. అర్హత ఏమిటంటే, వాళ్ల తాత బొబ్బిలి నుంచి అమ్మవారి రాయిని నెత్తిన పెట్టుకుని రైలెక్కి వచ్చాడట. మా తాతా ఆ రైల్లోనే వచ్చాడు. ఆయన తెచ్చింది చింతపండు మూట, ఒంటినిండా గజ్జి. అందుకే నేను కుర్చీలు వేసే దగ్గర ఆగిపోయాను.

పండగనాడు అమ్మవారికి మొదటి బిందె పసుపునీళ్లు ఇరవై ఏళ్లుగా సుజాతమ్మే పోసేది. వర్క్‌షాపులో పోయిన మొగుడి పేర మొక్కు అది. ఈ ఏడు సుందర్ రాజు వద్దన్నాడు.

"అమ్మని తెచ్చినోల్ల ఇంటోల్లే ముట్టాల. మా కొత్త కోడలు పోస్తాది."

నాకు ఒళ్లు మండింది. కుర్చీలు వేసేవాడి మంట ఎవడిక్కావాలి?

గొణిగే నోళ్లు మూయించాలని ఆయనే, ఐఐటీలో రాళ్ల చదువు చదివే తెలుగుపిల్ల ప్రజ్ఞను పండగకు పిలిచాడు. రాయి బొబ్బిలిదని ఆ పిల్ల చెబితే అందరూ వినాలి కదా, మైకు కూడా పెట్టించాడు.

ప్రజ్ఞ భూతద్దంతో రాయిని చూసింది. గుడి వెనక నూతిలోకి తొంగి చూసింది. వచ్చి మైకు అందుకుంది.

"ఇది ఇక్కడి ఎర్రరాయేనండీ. నూతి గోడలో ఉన్నదీ ఇదే. లక్షల ఏళ్ల వానలకు నేలలో సారమంతా కొట్టుకుపోయి, మిగిలిన ఇనుము గట్టిపడితే ఇలా అయింది. దీని మీద నీరు నిలవదు, వరి సరిగా పండదు. వరదా ఎక్కదు. అలాంటి మెట్ట గనకే రైలువాళ్లు ఇక్కడ వర్క్‌షాపు కట్టారు. పని దొరికింది గనకే మీ తాతగారు వచ్చారు. ఆయన రాయిని తేలేదండీ, రాయే ఆయన్ను తెచ్చింది."

సుందర్ రాజు మంచి మైకే తెచ్చాడు. అవతలి పేట ఖరిదా దాకా వినబడి ఉంటుంది.

"సదువెక్కువై బుర్ర సెడిపోనాది పిల్లకి," అన్నాడు. అదీ మైకులోనే వినబడింది.

"మరి మీ తాత మోసింది ఏటి దాదా?" అన్నాడు వెనక నుంచి తవిటయ్య. జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను, కడుపు చల్లబడేదాకా.

సుజాతమ్మ నవ్వలేదు. కుర్చీ కింద నుంచి బిందె తీసింది. పోయనివ్వరని తెలిసి కూడా పసుపు కలిపి తెచ్చుకుంది. తిన్నగా సుందర్ రాజు ముందుకెళ్లి నిలబడింది.

"జరుగు బాబూ. మీ తాతని తెచ్చిన తల్లికి నీల్లు పొయ్యాల."