కుట్టేసిన కిటికీ

మరదలి వేలు వంకాయలా వాచి నల్లబడింది. ముల్లుచేప పొడిచిన చోట చీము కారుతోంది. తీసెయ్యక తప్పదన్నాడు డాక్టరు. రొయ్యల షెడ్డు యజమాని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని చూసి, "ఒక్క వేలికి ఇంత రాద్ధాంతమా? ఇంకా తొమ్మిది ఉన్నాయిగా! ఏరండి, ఏరండి!" అన్నాడు.

పక్కనే ఉన్న వదిన గుడ్డ చింపి మరదలి చేతికి కట్టు కట్టింది. ఆమెని షెడ్డులో అందరూ ముక్కులేనక్క అంటారు. ముక్కుంది, వాసనే తెలీదు. కుళ్లు చేపల కంపు దాన్నెప్పుడో తినేసింది. ఆమె ఇంటికి బయల్దేరితే కంపు ఒక వీధి ముందు నడిచేది. ఈగలు కూడా మూతికి గుడ్డ కట్టుకునే వాలేవి.

వల లాగితే గంపెడు రొయ్యలకి బండెడు చెత్త. వేలెడంత పిల్లచేపలు, చితికిన పీతలు, పొట్ట పగిలి గుడ్లు కారే తల్లిచేపలు. ఆడవాళ్లు ఆ జిగట కుప్పలో మోచేతుల దాకా దిగి రొయ్యలు ఏరాలి. మిగిలిందంతా మళ్లీ సముద్రంలోకే, శవాలుగా.

ముక్కులేనక్క పడవ నడిపే సరంగు మీద పడింది. "కళ్లు మూసుకుని లాగుతావురా తమ్ముడూ?"

"నా మీద ఎగురుతావేంటక్కా? వలకి పైన కిటికీ ఉంది. చేప ఈదుకుంటూ అందులోంచి పోతుంది. రొయ్యకి అంత ఈత లేదు, అడుగునే ఉండిపోతుంది. తనిఖీ రోజు మీ దొర దాన్ని తెరిచి చూపిస్తాడు. ఆఫీసర్ల జీపు మలుపు తిరగ్గానే కుట్టించేస్తాడు."

"ఎందుకట?"

"పదో పరకో రొయ్యలు పోతాయని."

"ఆ పరక కోసం దీని వేలు పోవాలా?"

"మా ఆయన చిన్న పడవకి తోకముక్క దొరకట్లేదు. పిల్లల్నే చంపేస్తే పెద్దవి ఎక్కణ్ణుంచి వస్తాయి?" అంది మూలనున్న ఇంకొకామె. "కుట్టిందెవడు?"

వలలు బాగుచేసే తాత తల దించుకున్నాడు. "కుట్టకపోతే గెంటేస్తానన్నాడమ్మా."

"నువ్వొక్కడివే కుట్టనంటే గెంటేస్తాడు తాతా. మనమందరం ఏరం అంటేనో?"

ముక్కులేనక్క బుట్ట బోర్లించి దానిమీద కూర్చుంది. చూస్తుండగానే షెడ్డంతా బుట్టలు బోర్లాపడ్డాయి.

ఎండెక్కింది. రొయ్యల తలలు నల్లబడసాగాయి. కుప్ప ఉబ్బింది, బుడగలేసింది, నురగ కక్కింది. ఆ కంపుకి గాలే దారి మార్చుకుపోయింది. యజమాని పిలిపించిన పోలీసులు గుమ్మంలోనే వాంతులు చేసుకున్నారు.

"ఏరతారా, వ్యానెక్కుతారా?" అన్నాడు వాళ్ల పెద్ద, ముక్కు నొక్కుకుని.

"కిటికీ విప్పితే ఏరతాం."

యజమానికి ఒళ్లు మండింది. "నా రొయ్యలు నేను ఏరుకోలేనా!" అని చొక్కా చేతులు మడిచి కుప్పలో చెయ్యి పెట్టాడు. మరుక్షణం కెవ్వుమని గెంతాడు. వేలికి ముల్లుచేప వేలాడుతోంది.

షెడ్డంతా ఒక్క గొంతుతో అరిచింది. "ఇంకా తొమ్మిది ఉన్నాయిగా బాబూ!"

ముక్కులేనక్కని వ్యానులోకి తోశారు. మరదలు కట్టు చేత్తోనే వెనకాల ఎక్కింది. ఇంకొకామె ఎక్కింది. వ్యాను కిక్కిరిసినా మిగతావాళ్లు ఊరుకోలేదు. "మాకు చోటేదయ్యా?" అని పోలీసుల మీదే గొడవకి దిగారు.

వ్యాను కదిలింది. ఉన్నట్టుండి ముక్కులేనక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఛీ! ఇన్నేళ్లూ ఈ కంపులోనా బతికాం మనం?"

అటు రేవులో తాత కత్తి తీశాడు. సరంగు వల పట్టుకున్నాడు. పటపటా కుట్లు తెగుతున్నాయి. పక్క పడవల వాళ్లు తమ వలలు భుజానేసుకుని తాత ముందు వరస కట్టారు.