పిట్ట కొట్టిన అంజీర్

మా అత్తమ్మ దేవమ్మ పోయిన మూడో రోజు పిట్టకు పెడితే పిట్ట ముట్టలేదు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతాం. పిట్ట వచ్చి ముట్టుకుంటే మనిషి తృప్తిగా వెళ్లిపోయినట్టు. మటన్, కల్లు, గారెలు, ఆమె నమిలే జర్దా పాన్ కూడా పెట్టాం. ఒక కాకి గోడ మీద వాలింది. విస్తరిని అటొకసారి ఇటొకసారి చూసి లేచిపోయింది. మా ఆయన హరికిషన్ చేతులు జోడించి ఒక్కొక్కటే ఒప్పుకున్నాడు.

"చెల్లెను మంచిగ చూసుకుంటమమ్మా. నీ కడియాలు దానికే ఇస్తం. ఇల్లు సుత అమ్మం."

పొద్దు నడినెత్తికి వచ్చినా మళ్లీ ఒక్క రెక్క చప్పుడు లేదు. చివరికి విస్తరి అక్కడే వదిలేసి వచ్చాం.

అప్పట్నుంచి ఆయన కంటి మీద కునుకు లేదు. అన్నం ముందు కూర్చుని, "ఏం మర్సిపోయినం కల్పా?" అని అడుగుతాడు. నాకేం తెలుసు? బతికున్నప్పుడే ఆమె మనసులో ఏముందో కనుక్కోవడం నా తరం కాలేదు. పక్కింటి శ్యామలమ్మ మాత్రం అగ్గికి ఆజ్యం పోసి వెళ్లింది. "ముసలామె ఇంట్లనే తిరుగుతున్నది. పిల్లలు జెర పైలం." ఆ చివరి మాట నాకు ముల్లులా దిగింది.

సీతాఫల్‌మండిలో మా మిద్దె మీది కుండీలన్నీ అత్తమ్మ పెట్టినవే. ఎండాకాలం ముదిరేసరికి టమాటాలు ఎర్రబడ్డాయి, దోసతీగ గోడెక్కింది. ఎండ దిగాక మా మున్నీ, బబ్లూ మిద్దె ఎక్కితే ఎంత పిలిచినా దిగేవాళ్లు కాదు. దానికి ఆరేళ్లు, వాడికి నాలుగు. టమాటా తెంపి, గౌనుకు తుడిచి, ఉప్పుకారంలో అద్దుకుని కొరికితే రసం మోచేతి దాకా కారేది. పప్పులో టమాటా ముక్క కనిపిస్తే ఏరి పారేసే పిల్లలు వీళ్లేనా అనుకునేదాన్ని. ఎండకు వెచ్చబడ్డ దోసకాయ ముక్క నా నోట్లో కూడా కుక్కేవాళ్లు. ఆ కాసేపు అన్నీ మరిచిపోయి నవ్వేదాన్ని.

కానీ మూలన నీలం డ్రమ్ములో అంజీర్ చెట్టు ఉంది. అత్తమ్మ ఎక్కడో కొమ్మ అడిగి తెచ్చి నాటింది, కాపు చూడకుండానే పోయింది. దాని దగ్గరికి వెళ్తే జర్దా వాసన వచ్చేది. పొద్దున్నే నేను బకెట్ మోసుకుంటూ వెళ్లేసరికి మిగతా కుండీలు బీటలువారి ఉండేవి, ఆ ఒక్క డ్రమ్ములో మట్టి తడిగా ఉండేది. ఆయన్ని అడిగితే నేను కాదన్నాడు. పిల్లలు దాని ముందు చతికిలబడి ఏదో గుసగుసలాడి, జవాబు వింటున్నట్టు ఆగి, కిసుక్కున నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు జల్లుమనేది. కోపం కూడా వచ్చేది. పోయాక కూడా పెత్తనం వదలదా ఈ మనిషి? ఆమె వెళ్తే మా పిల్లలు మాకు దక్కుతారు కదా?

ఒక ఆదివారం సాయంత్రం చూస్తే మొదటి కాయ ఊదారంగు తిరిగి మెత్తబడింది. తెంపబోతే మున్నీ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు మమ్మీ. ఫస్ట్ నాయనమ్మ తినాలె."

"నాయనమ్మ ఏడున్నదే?"

"నాయనమ్మనే చెప్పింది. దవాఖానకు పోయేటప్పుడు. మొదటి పండు నేను కొరికి చూస్త, మంచిగుంటె మీరిద్దరు చెరిసగం తినుండ్రి అన్నది."

పక్కనే ఉన్న ఆయన మొహం పాలిపోయింది. పిట్టకు పెట్టేముందు అందర్నీ అడిగాం. ఆయన చెల్లెల్ని, మేనత్తల్ని, చివరికి పాన్‌డబ్బా అతన్ని కూడా. పిల్లలు జడుసుకుంటారని వాళ్లను మాత్రం శ్యామలమ్మ ఇంట్లో వదిలేశాం. ఆమె మనసులో మాట తెలిసిన ఇద్దరూ ఆ రోజు అక్కడ బిస్కెట్లు తింటూ కూర్చున్నారు.

పండును కొమ్మకే వదిలేసి, నలుగురం మిద్దె అవతలి కొసకు వెళ్లి కూర్చున్నాం. వెలుగు తగ్గుతుండగా ఒక పిగిలిపిట్ట వచ్చింది. పండిన టమాటాలను దాటుకుని నేరుగా అంజీర్ కొమ్మ మీద వాలింది. పండును ఒకే ఒక్కసారి పొడిచి వెళ్లిపోయింది. ఆయన కూర్చున్నచోటే ముందుకు వంగిపోయి, తల్లి పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు.

మున్నీ అప్పటికే పరుగెత్తి పండు తెంపింది. ఉరికి వెళ్లి దాని చేతిలోంచి గుంజుకున్నాను. చచ్చినవాళ్ల ఎంగిలి తెలిసి తెలిసి పిల్లల నోట్లో పెడతామా?

"తిననియ్ కల్పా. అమ్మ అడిగింది గదే గద," అన్నాడు ఆయన.

ఆయనకు తల్లి నిమ్మళంగా వెళ్లాలి. నాకు పిల్లలు మిగలాలి. ఏదన్నా అయితే నాకే అవనీ అనుకుని, పిట్ట పొడిచిన వైపు నేనే కొరికాను. చాలా తియ్యగా ఉంది. భయంభయంగా కాసేపు ఆగాను. ఏమీ కాలేదు. మిగిలింది రెండు ముక్కలు చేసి ఇచ్చాను.

మున్నీ గబుక్కున మింగేసి, "ఇగ నాయనమ్మ పోతదా డాడీ?" అని అడిగింది.

"పోతది బిడ్డ. ఖుషీగ పోతది."

బబ్లూ నమలడం ఆపేశాడు. ముక్కను బుగ్గలోకి తోసుకుని రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. "మింగు బేటా," అని ఆయన బతిమాలితే అడ్డంగా తల ఊపాడు. కళ్లనీళ్లు వేళ్ల మీదికి కారుతున్నాయి. చూపు మాత్రం ఆ చెట్టు మీదే ఉంది.

నువ్వన్నా చెప్పు అన్నట్టు ఆయన నా వైపు చూశాడు. ఆమె ఎప్పుడు వెళ్తుందా అని అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది నేనే. వాణ్ని ఒళ్లోకి తీసుకున్నాను కానీ, మింగమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.