ఐదు వందల పన్నెండు బైట్లు

ప్రింటర్ కింద ఇంకా రెండు అంగుళాల మందం కాగితం ఉంది. అయినా గఫూర్ కొత్త కట్ట విప్పి, అంచు రంధ్రాలను పళ్ళ చక్రాలకు తగిలించి మూత వేశాడు. మూడేళ్ళుగా ఉదయం తొమ్మిదిన్నరకు అతను చేసే మొదటి పని ఇదే. కాగితం అయిపోయేదాకా ఆగడం అతనికి చేతకాదు.

పొట్టి మనిషి. నలభై రెండేళ్ళు. కళ్ళజోడు కాడకు తెల్లదారం చుట్టి ఉంటుంది. రోజూ వికారాబాద్‌లో పాసింజర్ ఎక్కి తాండూరులో దిగి, సిమెంటు ఫ్యాక్టరీలోని ఈ గదికి చేరతాడు. బట్టీని నడిపే ప్రోగ్రామ్ అతనే సీ భాషలో రాశాడు. అయినా ఫ్యాక్టరీలో సగం మందికి అతని పేరు తెలియదు. కంప్యూటరాయన అంటారు.

తలుపు తోసుకుని బట్టీ ఆపరేటర్ భీమప్ప వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గఫూర్ భాయ్, మూడు గంటలకు నన్ను ఎంక్వయిరీకి రమ్మన్నరు. ఇయ్యాల్నే నౌకరీలకెళ్ళి తీసేస్తరంట."

"ఏమైంది?"

"నిన్న నువ్వు లేవు గద. పగలు రెండింటికి బట్టీల బొగ్గు ఒక్కసారే మస్తు పడ్డది. లోపలి ఇటుకలు కరిగి రాలినయ్. నేనే పెంచిన్నని నీ కంప్యూటర్ డబ్బ రాసింది. నేను బటన్ ముట్టలే."

"నిద్రల ముట్టినవేమో."

"డ్యూటీల నిద్రపోతే నా పెండ్లాం ఎంకమ్మ ఇంట్లకు రానిస్తదా? మజాక్ కాదు భాయ్. జర చూడు."

నిన్న గఫూర్ భార్య షరీఫాను దవాఖానకు తీసుకుపోయాడు. మూడేళ్ళలో అది మొదటి సెలవు.

అతను నిన్నటి కాగితాలు తిరగేశాడు. రెండు గంటల ఎనిమిది నిమిషాల దగ్గర పాత కట్ట అయిపోయింది. ఎవరో కొత్తది పెట్టారు. దాని మొదటి వరుసలో ఫ్యాన్ హెచ్చరిక. రెండో వరుసలో: ఆపరేటర్ 14, బొగ్గు తొమ్మిది టన్నులు.

పద్నాలుగు భీమప్ప నంబరు. కానీ గఫూర్ చూపు రెండు కట్టల మధ్య ఆగిపోయింది.

ఆ కంప్యూటర్ ఐదు పనులను వంతులవారీగా చేస్తుంది. ఒక పని మధ్యలో ఆగితే, ఎక్కడ ఆగిందో, ఏ లెక్కలో ఉందో దాచుకోవడానికి దానికి కొంత మెమరీ ఉండాలి. దాన్నే స్టాక్ అంటారు. పనికొక స్టాక్, ఐదూ పక్కపక్కనే. ఒకటి తన హద్దు దాటితే పక్కదానిలో రాసేస్తుంది. ఆపేవాడెవడూ లేడు.

పోయిన నెల మేనేజర్ కొత్త నివేదిక అడిగాడు. మెమరీలో చోటు లేదు. ప్రింటర్ పనికి ఎంత స్టాక్ అవసరమో తేల్చడానికి గఫూర్ దాన్నంతా ఒకే అక్షరంతో నింపి, వారం రోజులు నడిపి చూశాడు. మూడు వందల ఎనభై బైట్ల దాకానే అక్షరాలు చెరిగాయి; అంటే ఆ పని వాడుకున్నది అంతే. వెయ్యీ ఇరవై నాలుగు బైట్ల స్టాక్‌ను ఐదు వందల పన్నెండుకు కోశాడు.

ఆ వారంలో ఒక్కసారీ కాగితం అయిపోలేదు. అతనే అయిపోనివ్వలేదు.

పన్నెండు గంటలకు రెండో కంప్యూటర్‌లో అదే ప్రోగ్రామ్ ఎక్కించాడు. దాని ప్రింటర్‌లో కాగితం తీసేశాడు. ఫ్యాన్ హెచ్చరిక ఇచ్చాడు. హెచ్చరిక రాయబోతే కాగితం లేదన్న తప్పు; ఆ తప్పును చెప్పబోతే మరో తప్పు. స్టాక్ నిండింది, పొంగింది. పక్క స్టాక్‌లో ఆపరేటర్ ఇచ్చిన బొగ్గు అంకె ఉంటుంది. ఆపరేటర్ నంబరు అలాగే ఉంది. తాను ఇచ్చిన ఆరు టన్నులు మాత్రం తొమ్మిదయింది.

గఫూర్ తెర ఆపేశాడు. ఇది చదవగలిగినవాడు ఈ ఫ్యాక్టరీలో మరొకడు లేడు. ఈ నౌకరీ ఉంది కాబట్టే షరీఫాకు మందులు అందుతున్నాయి. ఊరుకుంటే చాలు.

మూడు గంటలకు మేనేజర్ గదిలో భీమప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కాగితం మీద నీ నంబరుంది. ఇంకేం చెప్తావ్?" అన్నాడు మేనేజర్.

"ఆ అంకె భీమప్ప కొట్టలే సార్," తలుపు దగ్గర నుంచి గఫూర్ అన్నాడు. "నా ప్రోగ్రామ్ రాసింది. స్టాక్ తక్కువ పెట్టిన."

మేనేజర్ కుర్చీలోంచి ముందుకు వంగాడు. "ఆలోచించే మాట్లాడుతున్నావా? హెడ్డాఫీసుకు ఒక పేరు పంపాలి. రాసిస్తావా?"

"రాసి తెచ్చిన సార్."

మేనేజర్ కాగితం రెండుసార్లు చదివాడు. నివేదిక తాను అడిగిన సంగతి అందులో లేదు. అది గమనించాక అతని గొంతు తగ్గింది.

"రేపటి నుంచి రావద్దు."

"పది నిమిషాలు టైమియ్యండి సార్. సరిచేసి పోత."

వరండాలో భీమప్ప దారికి అడ్డం వచ్చాడు. "నోరు మూసుకుంటే అయిపోతుండె. పిచ్చోనివా భాయ్?"

"నువ్వు బట్టీ కాడికి పో. ప్రింటర్ల కాగితం జర చూస్తుండు."

కొత్త నివేదిక తీసేశాడు. ఐదు వందల పన్నెండును మళ్ళీ వెయ్యీ ఇరవై నాలుగు చేశాడు. కాగితం లేకుండా నాలుగుసార్లు హెచ్చరిక ఇచ్చి చూశాడు. ఒక్క అక్షరమూ హద్దు దాటలేదు. దాన్ని బట్టీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు.

డ్యూటీ దిగి భీమప్ప ఆ గదికి పరుగెత్తేసరికి నాలుగున్నర. వికారాబాద్ బండి కదిలిన కూత వినపడింది. బయట మే నెల ఎండ పెళపెళ కాస్తోంది. లోపల ఏసీ చలి. ఖాళీ కుర్చీ వీపుకు గఫూర్ గోధుమరంగు ఉన్ని స్వెటర్ వేలాడుతోంది. మోచేతుల దగ్గర షరీఫా వేసిన నీలం దారపు కుట్లు.