లోపలి కుర్చీలు

నీళ్ళ తొట్టిలోంచి ఒక పేము బద్దను తీసి వేళ్ళ మధ్య వంచి చూశాడు కుర్చీల బాబాయి. ఇంకా బిరుసుగానే ఉంది. దాన్ని మళ్ళీ నీళ్ళలో వేసి, బాగా నానిన ఇంకో బద్దను ఏరుకుని, ముందున్న కుర్చీ మీదికి వంగాడు. నిలువు పోగులు అయిపోయాయి, అడ్డ పోగులు అయిపోయాయి. ఇక ఐమూలగా వెళ్ళే పోగులే మిగిలాయి. అవి పడితేనే అల్లిక బిగుస్తుంది, మనిషి బరువు మోస్తుంది. చట్రం అంచున ఉన్న రంధ్రంలోంచి బద్దను కిందికి దూర్చాడు, పక్క రంధ్రంలోంచి పైకి లాగాడు, జారిపోకుండా చిన్న చెక్కమేకు గుచ్చాడు.

యాభై ఏళ్ళ నుంచి చేస్తున్న పని కాబట్టి చేతులు వాటి పాటికి అవి చేసుకుపోతాయి. ఆయన మాత్రం కిటికీలోంచి వీధి చివరికి చూస్తూ ఎక్కడో ఉంటాడు. రెండు రోజులుగా ఎడమ భుజం లాగుతోంది. మేకులు గుచ్చీ గుచ్చీ అలా అయిందిలే అనుకున్నాడు.

వీధిలో అందరికీ ఆయన కుర్చీల బాబాయి. ఆయనకన్నా వయసులో పెద్దవాళ్ళకి కూడా బాబాయే. నోట్లో నాలుక లేని మనిషని పేరు. మనుషుల్ని ఆయన మొహాల్ని బట్టి కాక కుర్చీల్ని బట్టి గుర్తుపెట్టుకుంటాడు. దర్జీ కుర్చీ నట్టనడుమ గుంట పడుతుంది, ఆయన కూర్చున్నాడంటే కూర్చున్నాడే. మందుల కొట్టాయన కుర్చీ ఎప్పుడూ ముందు అంచునే తెగుతుంది, అంటే ఆ పెద్దమనిషి ఎప్పుడూ లేచిపోవడానికి సిద్ధంగా కూర్చుంటాడన్నమాట. ఈ సంగతి కుర్చీల బాబాయి ఎవరికీ చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి.

కిటికీలోంచి కనబడేది ప్రార్థనామందిరం. తొమ్మిదేళ్ళ కిందట సర్కారు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఈ వీధివాళ్ళ మతానికి చెందినవాళ్ళు కప్పు కింద కూడి ప్రార్థన చేయకూడదు, ఆరుబయట గొంతెత్తి చేయకూడదు, వీధిలో గుంపుగా నిలబడకూడదు. తలుపుకి గొలుసు చుట్టి లక్కముద్ర వేసి వెళ్ళిపోయారు. కూర్చోకూడదని రాయడం మాత్రం వాళ్ళకి తట్టలేదు. ఆ మర్నాడు సాయంత్రం ఐదింటికి, రోజూ ప్రార్థన జరిగే వేళకి, కుర్చీల బాబాయి అలవాటు కొద్దీ మందిరం ముందుకి వెళ్ళాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి కాబట్టి కుర్చీ ఒకటి వెంట తీసుకెళ్ళాడు. తలుపుకి ఎదురుగా వేసుకుని గంటసేపు కూర్చుని వచ్చేశాడు. రెండో రోజు ఐదుగురొచ్చారు. నెల తిరిగేసరికి వీధి నిండిపోయింది. అప్పటినుంచి ఐదు నుంచి ఆరు దాకా ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుని, నోరు మెదపకుండా, మూసిన తలుపుని చూస్తూ కూర్చోవడం మొదలైంది. అది గొప్ప శాంతియుత నిరసన అని పత్రికలో రాశారు. ఆయనకి ఆ పేరు చాలా పెద్దదనిపించింది.

ఆయన మనసంతా తలుపు అవతల ఉంది. మందిరంలో అరవై కుర్చీలున్నాయి. ఇరవయ్యో ఏట, పని నేర్చిన కొత్తలో, అన్నీ ఒక్కడే అల్లాడు. జనం కూర్చుంటుంటే పేము అరిగి ఎప్పటికో తెగుతుంది. ఎవరూ కూర్చోకపోతే మాత్రం అందులో తడి పోతుంది, ఎండి, చిట్లి, ఒక రోజు ఎవరూ ముట్టకుండానే పుటుక్కుమంటుంది. మధ్యమధ్యలో కింది వైపు నుంచి తడిగుడ్డ పెట్టాలి. తొమ్మిదేళ్ళుగా పెట్టినవాళ్ళు లేరు. పని చేస్తూ చేస్తూ రెప్పలు వాలినప్పుడల్లా ఆయన ఆ హాల్లో ఉంటాడు. పైకిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతుంటుంది. దుమ్ము తేలుతుంటుంది. అరవై ఖాళీ కుర్చీలు తలుపు వైపే చూస్తుంటాయి, బయట ఉన్నవాళ్ళు ఇటు చూస్తున్నట్టే. ఒక్కసారి లోపలికి పోయి ఆ కుర్చీలు తడిపి రావాలి. జీవితంలో ఆయనకి మిగిలిన కోరిక అదొక్కటే.

పదింటికి మందుల కొట్టాయన వచ్చాడు. అనుకున్నట్టే కుర్చీ అంచున కూర్చున్నాడు. కూర్చునేవాళ్ళ సంఘానికి ఆయనే పెద్ద. ఈ సాయంత్రం పై నుంచి పెద్ద అధికారి వస్తున్నాడని, మందిరం తెరవాలా వద్దా అన్నది ఆయన రాసే నివేదిక మీదే ఉందని చెప్పాడు. అంతసేపూ ముందుగది వైపు చూస్తూనే ఉన్నాడు. అక్కడ ఎవరూ లేరని నిశ్చయమయ్యాక గొంతు తగ్గించాడు.

“బాబాయ్, ఈ ఒక్కరోజుకి మైకు అత్తయ్యని ఇంట్లో ఉంచండి. ఆవిడ నోరు విప్పితే తలుపు ఇంకో తొమ్మిదేళ్ళు తెరుచుకోదు.”

మైకు అత్తయ్య అంటే కుర్చీల బాబాయి అక్క. మైకు అవసరం లేని గొంతు కాబట్టి ఆ పేరొచ్చింది. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేది. తమ మతంవాళ్ళ పిల్లల పేర్లు హాజరుపట్టీలో మార్చి రాయమంటే రాయనంది, ఉద్యోగం పోయింది. అప్పటినుంచి రోజూ ఐదింటికి, తమ్ముడు కుర్చీలో మౌనంగా కూర్చున్న వేళకే, ఎదురుగా చెప్పుల దుకాణం మెట్టు మీద ఒంటరిగా నిలబడి నాలుగు కాగితాలు గట్టిగా చదువుతుంది. తలుపు మూసిందెవరో, సంతకాలు పెట్టిందెవరో, ఓపిక పట్టమని సొంతవాళ్ళకి నీతులు చెబుతున్నదెవరో, ఎవర్నీ వదలదు. రెండుసార్లు జైలుకి కూడా వెళ్ళొచ్చింది. కూర్చునేవాళ్ళకి ఆవిడంటే గౌరవమూ ఉంది, ఒళ్ళు మంటా ఉంది.

ఆయన అవుననలేదు, కాదనలేదు. మందుల కొట్టాయన దాన్ని అవుననే అనుకుని లేచి వెళ్ళిపోయాడు.

బాబాయి మళ్ళీ పోగు అందుకున్నాడు. ఒకే ఇంట్లో ముందుగదిలో ఆవిడ, వెనకగదిలో ఆయన, తొమ్మిదేళ్ళుగా ఒకటే పోట్లాట. అరిస్తే తలుపు తెరుచుకుంటుందా అని ఈయన. కూర్చుంటే తెరుచుకుందా అని ఆవిడ. లెక్కలు చెప్పిన మనిషి కదా, ఇద్దరికీ వచ్చిన ఫలితం సున్నాయేనని తేల్చి చెప్పేది. ఒకసారి మాత్రం కోపంలో, “మీరు కడుపులో చల్ల కదలకుండా అలా కూర్చుంటే, అందులో ఎవరు బతికున్నారో ఎవరు పోయారో చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుందిరా?” అంది. ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మధ్యాహ్నం ఆవిడ బజారు నుంచి వచ్చింది. అధికారి సంగతి ఆమెకీ తెలిసింది. మొహం వెలిగిపోతోంది. ఉతికిన చీర ఇస్త్రీ చేసి మడత పెట్టుకుంది. కాగితాలు పట్టుకుని వెనకగది గుమ్మంలో నిలబడి, వింటావా అనడిగింది. ఎప్పుడూ వద్దనే మనిషి ఆ రోజు తలూపాడు.

ఆవిడ చదివింది. దర్జీ మనవడు బళ్ళో ఒక పేరుకీ ఇంట్లో ఒక పేరుకీ పలకలేక అసలు పలకడమే మానేసిన సంగతి ఉంది అందులో. పెళ్ళి నమోదు కావాలంటే మతం మార్చుకున్నట్టు సంతకం పెట్టమన్న సంగతి ఉంది. వాళ్ళ అమ్మ పోయినప్పుడు ఇద్దరూ తలుపులు వేసుకుని, పక్కింటికి వినబడకుండా ప్రార్థన గొణుక్కున్న సంగతీ ఉంది. అది విన్నప్పుడు ఆయన చేతిలో పోగు ఆగిపోయింది.

“అంతా నిజమే అక్కా,” అన్నాడు.

ఆ తర్వాత మందుల కొట్టాయన వచ్చిన సంగతి చెప్పాడు. కక్కలేక మింగలేక మధ్యాహ్నం దాకా మోసిన మాట కాబట్టి ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఆవిడ కాగితాలు నెమ్మదిగా మడిచింది.

“అయితే నన్ను ఉండిపొమ్మంటావా?”

“నేను అననక్కా.”

“మరెందుకు చెప్పావు?”

“నీకు తెలియాలి కదా.”

ఆఖరి చెక్కమేకు పీకి, అంచుల చుట్టూ కట్టుబద్ద బిగించి, కుర్చీని ఆవిడ వైపు తిప్పాడు. అది వాళ్ళ అమ్మ కుర్చీ. ఏళ్ళ తరబడి అటక మీద పడి ఉంది.

“నీకు మోకాళ్ళు పట్టేస్తున్నాయి ఈమధ్య. మెట్టు మీద వేసుకుని, కూర్చుని చదువు,” అన్నాడు.

ఆవిడ ఆ కొత్త అల్లిక మీద అరచెయ్యి ఉంచి చాలాసేపు నిలబడింది. ఏడుపొచ్చినట్టుంది, దాన్ని దగ్గు కింద మార్చుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది. అరవడం ఆపమనడానికి కాక, అరిచేటప్పుడు కాళ్ళు నొప్పెట్టకూడదని కుర్చీ అల్లిన మనిషితో ఎవరైనా ఎలా పోట్లాడతారు?

నాలుగున్నరకి బాబాయి తన కుర్చీ చంకన పెట్టుకున్నాడు. వీధిలోకెల్లా పాత కుర్చీ అదే. అందరివీ అల్లే మనిషికి తనది అల్లుకునే తీరిక దొరకలేదు. అల్లికలో మూడు చోట్ల తెగింది. ఈసారి మాత్రం ఊరుకోకూడదని, రేపటి కోసం ఒక పేము చుట్ట తొట్టిలో నానబెట్టి బయల్దేరాడు.

ఐదింటికి అందరూ కూర్చున్నారు. ఆవిడ అమ్మ కుర్చీ మోసుకుంటూ వచ్చింది. చెప్పుల దుకాణం మెట్టు దాకా వెళ్ళి ఒక క్షణం ఆగింది. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి, వరసల మధ్యకి నడిచి, తమ్ముడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. కాగితాలు ఒళ్ళో ఉన్నాయి. వీధిలో వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మందుల కొట్టాయన కుర్చీలో వెనక్కి జారగిలబడటం బాబాయి మొదటిసారి చూశాడు.

సాయంత్రపుటెండ పల్చగా ఉంది. వీధంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు కదలకుండా ఉంది. అధికారి గుమాస్తాని వెంటబెట్టుకుని వరసల మధ్య నడిచాడు, అంత నిశ్శబ్దంలో తన బూట్ల చప్పుడుకి తనే ఇబ్బంది పడుతున్నట్టు. మంచి మనిషిలాగే ఉన్నాడు. ఎంత క్రమశిక్షణ, ఎంత ప్రశాంతత అని మెచ్చుకున్నాడు. మీకేమైనా చెప్పుకోవాల్సింది ఉందా అని మందుల కొట్టాయన్ని అడిగాడు. ఆయన సగం లేచి, తామంతా ఓపిగ్గా ఎదురుచూస్తున్నామన్నాడు.

“సంతోషం,” అని అధికారి గుమాస్తా వైపు తిరిగాడు. “ఫిర్యాదులేవీ లేవని రాసుకోండి.”

గుమాస్తా రాసుకున్నాడు. కలం గీసిన చప్పుడు మూడో వరస దాకా వినబడింది.

బాబాయి పక్కకి చూశాడు. అక్క పెదాలు బిగించి కూర్చుంది. జైల్లో కూడా నోరు మూయని మనిషి, తన పక్కన కూర్చున్న పాపానికి ఆ మాటని మింగుతోంది. ఆయనకి ప్రాణం ఉసూరుమంది. ఆమె నోరు అలా మూసుకుని ఉండటం ఆయన చూడలేకపోయాడు.

“ఉందండీ,” అన్నాడు.

తొమ్మిదేళ్ళలో ఆ వేళప్పుడు, ఎవరూ అడక్కుండా, ఆ వరసల్లోంచి వచ్చిన మొదటి మాట అది. అధికారి వెనక్కి తిరిగాడు. కుర్చీల బాబాయి లేచి నిలబడ్డాడు.

“లోపల అరవై కుర్చీలున్నాయండి. నేనే అల్లాను. ఎవరూ కూర్చోకపోతే పేము ఎండి చిట్లిపోతుంది. తలుపు తీస్తే తడిపి వస్తాను.”

అధికారి చిన్నగా నవ్వాడు. కుర్చీల సంగతా అన్నాడు. ఇంతకీ ఫిర్యాదు ఎవరి మీద అని అడిగాడు.

బాబాయి ఆలోచించాడు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పడమే ఆయనకి తెలుసు.

“మీ మీదేనండి. మూసింది మీరే కదా.”

అందులో కోపం లేదు. కుర్చీ ఎక్కడ తెగిందో చూపించినట్టే చెప్పాడు. అధికారి నవ్వు అలాగే కాసేపు ఉండి, తర్వాత లేకుండా పోయింది. గుమాస్తా పుస్తకం వైపు చూశాడు, అధికారి వైపు చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి, రాసిన వాక్యాన్ని కొట్టేసి, దాని కింద ఏదో రాయడం మొదలుపెట్టాడు. అది రాయడం అయ్యేదాకా అధికారి ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ వెళ్ళిపోయారు.

బాబాయి కూర్చున్నాడు. ఒంట్లో సత్తువంతా ఆ నాలుగు మాటలతోనే అయిపోయినట్టుంది. భుజం నొప్పి మెల్లగా చేతిలోకి దిగుతోంది. అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. ఆరు కావడానికి ఇంకా అరగంట ఉంది. ఆయన మూసిన తలుపు వైపు చూశాడు. గొలుసు ఎండలో మెరిసి కరిగిపోతున్నట్టు కనబడింది. లోపల చల్లగా ఉంది. దుమ్ము తేలుతోంది. చేతిలో బకెట్టుంది, తడిగుడ్డ ఉంది. మొదటి వరస నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో కుర్చీని బోర్లించి అడుగున గుడ్డ అద్దుతుంటే, ఎండిన పేము నీళ్ళు పీల్చుకుంటూ సన్నగా చిటచిటలాడుతోంది. తొందరేమీ లేదు. అరవై అయ్యాక ఆఖరి దాన్లో కాసేపు కూర్చుందామనుకున్నాడు.

ఆరైంది. జనం లేచి కుర్చీలు ఎత్తుకుంటున్నారు. మందుల కొట్టాయన తలొంచుకుని అందరికన్నా ముందే వెళ్ళిపోయాడు.

“ఒరేయ్, లే. ఇప్పుడు నా వంతు, ఇంటికెళ్ళి నీ చెవులు తినేస్తాను,” అంది అక్క.

ఆయన లేవలేదు. అందరిలాగే నిటారుగా, తలుపునే చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. ఎప్పుడు చల్లబడిందో ఆమెకే తెలియలేదు. ఎవరు బతికున్నారో ఎవరు పోయారో అని తనన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఇంట్లోనూ వీధిలోనూ ఆవిడ అన్న వేల మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించింది అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం ఆయన్ని సాగనంపారు. కప్పు కింద ప్రార్థన లేదు, ఆరుబయటా లేదు. మందిరం తలుపు తెరుచుకోలేదు. ఐదింటికి ఆవిడ అమ్మ కుర్చీ తీసుకెళ్ళి వరసల ముందు వేసుకుని, కూర్చునే, నాలుగు కాగితాలూ గట్టిగా చదివింది. ఎవరూ లేచి వెళ్ళలేదు. దర్జీ మాత్రం తన కుర్చీని ఆమెకి మరికాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

ఇంటికొచ్చి వెనకగదిలోకి వెళ్ళింది. తెగిన అల్లికతో ఆయన కుర్చీ గోడవారగా ఉంది. దాని పక్కనే తొట్టి. చుట్టలోంచి ఒక బద్ద తీసి ఆయనలాగే వేళ్ళ మధ్య వంచి చూసింది. ఎటు వంచితే అటు వంగింది. ఎంతసేపు నానాలో ఆమెకి తెలియదు, అడగడానికి మనిషి లేడు. పాత నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి, దీపం వెలిగించింది. తొట్టిలో పేము చుట్ట నెమ్మదిగా విచ్చుకుంటూ అంచుల దాకా వచ్చి ఆగింది.