తెలిసిందే ఎందుకడుగుతావు టీచర్

భానుశ్రీది ఎస్.కోట పక్క పల్లె. టీచర్ ట్రైనింగ్ రెండో ఏడాదిలో ప్రాక్టీసుకని ఆమెని పెదబయలు పైన ఒక కొండ బడికి వేశారు.

వెళ్లిన దగ్గర్నించీ ఒకటే చిక్కు. ఆవు బొమ్మ చూపించి "ఇదేటి?" అంటే ఒక్కరూ నోరు విప్పరు. తెలుగు రాదేమో అనుకుంది. బెల్లు కొట్టగానే అదే పిల్లలు సగం ఒరియా, సగం తెలుగులో గలగలా కబుర్లు. నా ముందే ఎందుకీ మౌనం? ఆ ప్రశ్న ఆమెని నిద్రలోనూ వదల్లేదు.

ఓ పొద్దున్న అలాంటి మౌనంలోనే కింద పారే గెడ్డవైపు నుంచి 'టక్' మని వినపడింది. కాసేపాగి మళ్లీ టక్.

"అదేటర్రా ఆ చప్పుడు?" అంది పాఠం మర్చిపోయి.

మూడో తరగతి చిట్టి లేచి అనుమానంగా చూసింది. "నీకు నిజంగా తెలీదా టీచర్?"

"ఒట్టు, తెలీదు."

అంతే, క్లాసంతా లేచింది. "చేలోకొచ్చే అడవిపందుల్ని బెదరగొట్టడానికి!" "వెదురుబొంగు టీచర్, నీళ్లు నిండితే వొంగిపోద్ది!"

"మరి ఆవంటే ఎందుకు చెప్పలేదు?"

"ఆవు నీకు తెలుసు గదా," అంది చిట్టి. "తెలిసి అడిగితే ఎగతాళే గదా."

 అలా అడగడమే కదా భానుశ్రీకి కాలేజీలో నేర్పింది!

మర్నాడు అందర్నీ గెడ్డ దగ్గరికి తీసుకెళ్లింది. ధార కింద వెదురుబొంగు. నిండగానే ముందుకి వొంగి నీళ్లు కక్కేస్తుంది, ఖాళీ అవగానే దాని తోక టక్ మని రాయి మీద పడుతుంది. ఎన్ని గ్లాసులు పోస్తే వొంగుతుందో, రెండు బొంగులకైతే ఎన్ని కావాలో ముందే ఊహించి, పోసి చూస్తున్నారు పిల్లలు.

అంతలో కాలేజీ నుంచి పరిశీలనకి గణపతిరావు మాస్టారు వచ్చారు. ఖాళీ క్లాసు చూసి గెడ్డలోకి దిగారు.

"ఇప్పుడు గుణకారం కదమ్మా చెప్పాలి?"

"గుణకారమేనండి. గ్లాసులతో."

ఆయన మొహం చిట్లించి బొంగుకేసి చూశారు. "ఏటర్రా ఇది?"

పిల్లలు గప్‌చిప్. చిట్టి ఆయన మొహంలోకి తొంగిచూసి, "ఈయనకి నిజంగా తెలీదా టీచర్?" అనడిగింది.

"నిజంగానే తెలీదమ్మా," అన్నారాయన.

పిల్లలు చుట్టుముట్టి చెప్పేశారు. ఆయన గొంతుక్కూచుని విన్నారు. చివర్న, "రోజూ ఇదే చప్పుడు కదా, పందులు అలవాటు పడిపోవా?" అన్నారు.

 ఈసారి చిట్టి నెమ్మదిగా అంది: "అది మాకూ తెలీదు సార్."

"చేలో అడుగులు చూస్తే?" అంది భానుశ్రీ.

పైన రోడ్డు మీద ఆయన్ని తెచ్చిన జీపు హారన్ కొట్టింది. "ఉండమనండి," అంటూ మాస్టారు ప్యాంటు మడిచి గెడ్డ దాటారు.

రాగులు పండే ఆ చోడిచేను గట్టుదాకా పంది గిట్టల గుర్తులు వచ్చి వెనక్కి తిరిగిపోయాయి.

"దానికి ఇంకా భయమే," అంది చిట్టి.

"కడుపు నిండి వెళ్లిపోయిందేమో?" అన్నారు మాస్టారు.

"అయితే ఇక్కడిదాకా ఎందుకొచ్చింది సార్?"

వాదన మొదలైంది. ప్లాను ప్రకారం పాఠం జరగలేదని రిపోర్టులో రాయక తప్పదన్నారు మాస్టారు, జీపెక్కుతూ. పందుల సంగతి తేలగానే ఫోన్ చెయ్యమని కూడా అన్నారు.